ఒకటిన్నర మార్కు, బూజు పట్టిన ఎండుగడ్డి: నా అగ్రానమీ నెట్ అనుభవం

నిన్న సాయంత్రం ఫలితాలు వచ్చాయి. రెండవ ప్రయత్నంలో అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో అర్హత సాధించాను. సిలబస్, పరీక్ష తీరు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను. కలుపు యాజమాన్యం, నీటి యాజమాన్యం, గణాంక శాస్త్రం మీరందరూ చదివినట్లే నేనూ చదివాను. వాటిలో కొత్తగా చెప్పగలిగింది నా దగ్గర లేదు. మొదటిసారి నన్ను ముంచినదీ, రెండవసారి ఒడ్డున వేసినదీ బర్సీమ్, లూసర్న్, క్లోవర్ల వంటి పప్పుజాతి పశుగ్రాసాల అధ్యాయమే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

మొదటి ప్రయత్నంలో అర్హతకు ఒకటిన్నర మార్కు తగ్గింది. పశుగ్రాసాలకు నేను కేటాయించింది సరిగ్గా మూడు రోజులు. ఒక కోచింగ్ నోట్సులోని పట్టికను బట్టీ పట్టాను: బర్సీమ్‌కు క్రోమోజోములు 16, లూసర్న్‌కు 32, ఎర్ర క్లోవర్‌కు 14, తెల్ల క్లోవర్‌కు 32, మరో వరుసలో ఏ మేతలో ఏ విషపదార్థం ఉంటుందో. అందులో స్వీట్ క్లోవర్‌కు ఎదురుగా కూమరిన్ అని ఉంది. పరీక్షలో పశువులకు రక్తస్రావం కలిగించే పదార్థం ఏదన్న ప్రశ్న కింద కూమరిన్, డైకూమరాల్ రెండూ కనిపించినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మొదటిదాన్ని గుర్తించాను. కీ వచ్చాక చూసుకుంటే పోయింది ఆ మార్కొక్కటే కాదు, దానితోపాటు నెగెటివ్ మార్కు కూడా. రెండు నెలలపాటు ఆ నోట్సు రాసినవారిని తిట్టుకున్నాను. వారు రాసింది పూర్తిగా అబద్ధమేమీ కాదు, సగం నిజం. మిగిలిన సగం వెతుక్కోవలసింది నేను.

ఆ సగం కోసం వెతికితే దొరికిన కథ ఇది. 1920ల నాటికి కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. పచ్చిమేతా, బాగా ఎండిన గడ్డీ ఏ హానీ చేయవని, బూజు పట్టిన గడ్డే చంపుతోందని పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్ కనుగొన్నాడు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఒకాయన మంచు తుఫానులో చనిపోయిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్ని, ఆ గడ్డినీ బండిలో వేసుకుని మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల ఆరేళ్లు శ్రమించి 1939లో డైకూమరాల్‌ను స్ఫటికాలుగా వేరుచేసింది. మొక్కలో సహజంగా ఉండే కూమరిన్ పశువు రక్తాన్ని పలచబరచదు. గడ్డిలో పెరిగే బూజు దానిని డైకూమరాల్‌గా మారుస్తుంది, అది విటమిన్ కె పనిని అడ్డుకోవడంతో రక్తం గడ్డకట్టదు. ఇదే పరంపరలో వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగానూ, తరువాత మనుషుల మందుగానూ వాడుకలోకి వచ్చింది. ఇంత చదివాక ఆ రెండు పేర్ల మధ్య తడబాటు నాకు మళ్లీ రాలేదు. (స్వీట్ క్లోవర్ మెలిలోటస్ ప్రజాతికి చెందినది, అసలు క్లోవర్ల ట్రైఫోలియంకు చెందినది కాదు. ఇదీ నాకు పరీక్ష అయ్యాకనే తెలిసింది.)

అప్పటినుండి పట్టికలోని ప్రతి గడినీ ‘ఇది ఎవరికి, ఎందుకు అవసరపడింది?’ అని అడుగుతూ చదివాను. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1940లలో సబ్‌టెరేనియన్ క్లోవర్ మేసిన గొర్రెలు చూలు నిలవక రైతులను కుదేలు చేశాయి. అందులోని ఫార్మోనోనెటిన్ అనే పదార్థం పశువు మొదటి కడుపైన రూమెన్‌లో ఈక్వాల్‌గా మారి స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుందని తేలాక, అది తక్కువగా ఉండే రకాలను రూపొందించారు. సుబాబుల్‌లోని మిమోసిన్ అనే విషం సంగతీ అలాంటిదే: హవాయి మేకల రూమెన్‌లోని సూక్ష్మజీవులు దాని విషాన్ని విరిచేస్తాయని తేలాక, వాటిని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. లేత లూసర్న్, క్లోవర్‌లు కడుపుబ్బరం తెస్తే, టానిన్లు (వగరు పదార్థాలు) ఉన్న లోటస్ (తామర కాదు, ఒక పప్పుజాతి మేత), సేన్‌ఫోయిన్ తేవు.

బర్సీమ్‌ను మాత్రం చేతులతో చదివాను. విత్తనాల దుకాణం నుండి తెచ్చిన విత్తనాన్ని స్టీలు గ్లాసులో పది శాతం ఉప్పునీటిలో పోస్తే, పసుపు గింజలు అడుగుకు దిగి, కాస్ని (చికోరీ) అనే కలుపు మొక్క బూడిదరంగు గింజలు పైన తేలాయి. బర్సీమ్‌లో కాస్ని కలుపును విత్తనం దశలోనే ఇలా వేరుచేస్తారు. నవంబరులో హాస్టల్ డాబా మీద రెండు కుండీలలో విత్తి, ఒకదానికి మాత్రం బెల్లం నీటితో రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) కల్చర్ పట్టించాను. ఆరు వారాల తరువాత పీకి చూస్తే కల్చర్ పట్టించిన మొక్కల వేళ్లకు బుడిపెలున్నాయి; గోటితో చీల్చితే లోపల, బుడిపె పనిచేస్తోందని చెప్పే లెగ్‌హీమోగ్లోబిన్ ఎరుపు. రెండవ కుండీలో వేళ్లు నున్నగా ఉన్నాయి. మునుపు బర్సీమ్ పండించని నేలలో సరైన రైజోబియం ఉండకపోవచ్చునన్న వాక్యాన్ని అంతకు ముందు నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కుండీల మీద సమయం వృథా చేస్తున్నానని నవ్విన మిత్రులకు అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: ఆ నెలన్నరలో కుండీలకు నేను వెచ్చించింది రోజుకు పది నిమిషాలు. ఉదయం ఐదింటికి లేవనివారు, ఫోను పక్కన పెట్టలేనివారు సమయం గురించి ఇతరులకు చెప్పకూడదు. కొంచెం కటువుగా రాశానేమో, కానీ మార్చను.

ఇంకొక సంగతి. మాది కృష్ణా డెల్టా. వరి కోతకు కొద్ది రోజుల ముందు, తడి ఆరకముందే, మా నాన్న నిలిచి ఉన్న చేలో పిల్లిపెసర చల్లేవారు. చిన్నప్పుడు దాన్ని మోపులు కట్టి గేదెలకు మోసినదాన్ని నేను. అది విగ్నా ట్రైలోబేటా అని, వరి తరువాత మిగిలిన తేమతోనే పెరిగే పశుగ్రాసమని మొదటి ప్రయత్నం ముగిసేదాకా నాకు తట్టలేదు. నేను చదివిన నోట్సులో ఆ పేరు లేదు. నిన్న ఫలితం చెప్పడానికి ఫోను చేసినప్పుడు, కోతకు ముందు ఎన్ని రోజులకు, ఎంత విత్తనం చల్లుతారని నాన్నను అడిగాను. ముందు భోజనం చేశావా అని ఆయన అడిగారు, ఆ తరువాత అరగంట చెప్పారు. ఏఆర్ఎస్ (వ్యవసాయ శాస్త్రవేత్తల నియామకం) మెయిన్స్ పరీక్ష కోసం ఆ లెక్కలన్నీ రాసుకున్నాను.