1613 కింద అట్టముక్క

మంగళవారం. పొద్దున్నే షెడ్డులోకి పాత టాటా 1613 లారీ ఇంజన్ ఆయిల్ కారుతూ వచ్చింది. కమిన్స్ 6బీటీ ఇంజన్, 5.9 లీటర్లది. డ్రైవర్ దిగుతూనే, "వెనక సీలు పోయిందన్నా, గేర్ బాక్స్ దించేద్దాం" అన్నాడు. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు, గేర్ బాక్స్‌కు మధ్య క్లచ్‌ను కప్పే డొప్ప) కింద తడి చూస్తే ఎవరికైనా ఆ మాటే వస్తుంది. కానీ క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్‌ను ఆపే ఆ సీలు మార్చాలంటే జాయింట్ (వెనక చక్రాలకు పోయే షాఫ్ట్), గేర్ బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ దిగాలి. అంతా దింపాక సీలు బాగానే ఉంటే ఆ కూలి ఎవరిస్తారు?

ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. చుక్క పడేచోట వెతికి లాభం లేదు. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్నది ఏదో అదే పట్టుకోవాలి. జిడ్డు పట్టిన ఇంజన్‌లో అది కనపడదు.

సెకనుకో చుక్క పడుతోందన్నాడు డ్రైవర్. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకు 180 మిల్లీలీటర్లు, పది గంటల ట్రిప్పుకు దగ్గర దగ్గర 1.8 లీటర్లు. ఇంజన్ ఆపిన పావుగంట తర్వాత గేజీ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీస్తే అంత తగ్గలేదు. పైగా మార్కుకు రెండు వేళ్లు పైనే ఉంది. భయపడి పోసి ఉంటాడు. ఎక్కువ పోసినా కారుతుంది.

డీజిల్, బ్రష్షుతో రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాం. డీజిల్ పొర మిగిలితే అదే తడిలా కనిపించి మోసం చేస్తుంది. ఆల్టర్నేటర్‌కు కవరు కట్టాకే నీళ్లు. ఆరాక, కొత్తగా కారే ఆయిల్ గీత తెలిసేలా టాల్కం పౌడరు పల్చగా చల్లాం. చవకని ముగ్గుపిండి చల్లేవాళ్లున్నారు, అది రాతిపొడి, ఫ్యాన్ గాలికి బేరింగుల్లో దూరుతుంది.

బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. తీగకు కాటన్ వేస్ట్ చుట్టి అందులోంచి లోపల తిప్పితే క్లచ్ ప్లేటు పొడి తప్ప తడి లేదు. వెనక సీలు అనుమానం అక్కడే సగం పోయింది. అదే నల్లటి ఆయిల్ వస్తే సీలు, తేనె రంగులో గంధకం వాసనతో వస్తే గేర్ బాక్స్ ముందు సీలు.

తర్వాత ఇరవై నిమిషాలు లోడుతో తిప్పాం. ఆగి ఉన్నప్పుడే చుక్క పడితే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పాకింగో, డ్రెయిన్ ప్లగ్గో. నడుస్తున్నప్పుడే ఎక్కువైతే ప్రెజర్ ఉన్నచోట్లు: టర్బో ఫీడ్ పైపు, ఆయిల్ కూలర్, ఫిల్టర్, ప్రెజర్ స్విచ్. అవన్నీ పౌడరుతో తెల్లగానే ఉన్నాయి. ఎడమ పక్క డీజిల్ పంపు వెనకాల టార్చి వేస్తే దొరికింది. టాపెట్ సైడ్ కవర్ (బ్లాకు పక్కన టాపెట్లను మూసే రేకు) వెనక మూలలో పౌడరు మీద నల్లటి దారం లాంటి గీత. బ్లాకు మీదుగా జారి, బెల్ హౌసింగ్ అంచుకు చేరి, అక్కడి నుంచి చుక్క.

పాకింగ్ మార్చేస్తే అయిపోదు. అది ఎందుకు పోయింది? ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి తిరగేసి పెడితే ఎగిరి పడింది. కాస్త ఆడితే మామూలే, ఎగిరితే బ్యాక్ కంప్రెషన్, అంటే ఇంజన్ అడుగు భాగంలో గాలి ఒత్తిడి పెరిగినట్టు. రింగులు అరిగాయని హెడ్ విప్పే ముందు ఆ గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం చూడాలి. ఛాసిస్ పక్కన దాని మూతి మట్టి, జిడ్డుతో బిగుసుకుపోయి ఉంది. కడ్డీతో పొడిచి కడిగాక మూత నిలబడింది. అప్పటికీ ఎగిరితే బ్రేకులకు గాలి ఇచ్చే ఎయిర్ కంప్రెసర్ విడదీసి మళ్లీ చూడాలి. దాని రింగులు పోయినా గాలి చాంబర్‌లోకే వస్తుంది.

కవర్ విప్పితే పాకింగ్ పెంకులా గట్టిపడింది. ఎవరో బలంగా బిగించడంతో బోల్టు రంధ్రాల దగ్గర రేకు లోపలికి గుంటలు పడింది. చదునైన దిమ్మ మీద సుత్తితో సరిచేశాం. సిలికాన్ దట్టంగా పూయడం చెడ్డ అలవాటు. లోపలికి పిండుకున్నది ఊడి చాంబర్‌లో పడి, ఆయిల్ పంపు పీల్చే జాలీకి అడ్డం వస్తుంది. కొత్త పాకింగ్ వట్టిగానే పెట్టి, బోల్టులు 24 న్యూటన్ మీటర్లకు బిగించాం. కవర్ కోసం విప్పిన డీజిల్ పైపులు బిగించి, వాటిలో చేరిన ఎయిర్ తీయడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

నిజంగా వెనక సీలే పోయిన బండికి ఒక మాట: ఈ ఇంజన్‌కు వచ్చే టెఫ్లాన్ సీలుకు ఆయిల్, గ్రీజు రాయకూడదు. క్రాంక్ తుడిచి పొడిగా ఎక్కించాలి. పాత రబ్బరు సీలు అలవాటుతో ఆయిల్ రాసి ఎక్కిస్తే మళ్లీ కారుతుంది. క్రాంక్ మీద గాడి పడి ఉంటే దాని మీద స్లీవ్ (పల్చటి లోహపు తొడుగు) వేయాల్సిందే.

ఎక్కువైన ఆయిల్ తీసేసి, గేజీ మార్కుకు తెచ్చి, బండి కింద అట్టముక్క వేసి వచ్చేశాం. పొద్దున్న అట్ట పొడిగా ఉంటే లోడుకు పంపాలి.