లూప్ లైన్‌లో గూడ్సు

మా నాయన బిట్రగుంట స్టేషన్‌లో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను కువైట్‌లో ఒక ఆసుపత్రి నెట్‌వర్క్ చూసుకుంటాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఈరోజు ఏం పని చేశావు అబ్బయా?" అని అడుగుతాడు. ఆ శుక్రవారం చెప్పడానికి చాలా ఉంది.

రాత్రి సర్వర్ల బ్యాకప్ మొదలైతే చాలు, వార్డుల్లో అదే నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లలో మాట తెగిపోతోందని నర్సులు మొత్తుకుంటున్నారు. మాట సెకనుకు 50 చిన్న ప్యాకెట్లుగా వెళుతుంది. బ్యాకప్ ప్యాకెట్ పోతే మళ్లీ పంపుకోవచ్చు. మాట ప్యాకెట్ 150 మిల్లీసెకన్ల లోపు చేరాలి, మళ్లీ పంపే వ్యవధి ఉండదు. అందుకే ఫోన్ దాని మీద 46 అనే ముద్ర వేస్తుంది. అది చూసి, నెట్‌వర్క్‌లో ప్యాకెట్లను దారి మళ్లించే స్విచ్ అనే పెట్టె దానికి ముందు దారివ్వాలి.

గురువారం అర్ధరాత్రి స్విచ్‌లో క్యూఓఎస్, అంటే ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చే ఏర్పాటు, ఆన్ చేశాను. మాట ఇంకా పాడైంది! ఎమర్జెన్సీ ఫోన్లు కూడా ఆ స్విచ్ మీదే ఉన్నాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆ పాతరకం స్విచ్‌లలో క్యూఓఎస్ ఆన్ చేసి, పోర్టుకు ట్రస్ట్ (వచ్చిన ముద్రను నమ్మమనే ఆదేశం) పెట్టకపోతే, వచ్చిన ముద్రలన్నీ సున్నా అయిపోతాయి. నేను ట్రస్ట్ పెట్టలేదు. ఫోన్ల పోర్టుల్లో, స్విచ్ నుంచి మిగతా నెట్‌వర్క్‌కి వెళ్లే అప్‌లింక్‌లో అది పెట్టి, మాటకి ప్రయారిటీ క్యూ, అంటే అన్నిటికంటే ముందు కదిలే వరస, ఇచ్చాక సర్దుకుంది.

"కోరమాండల్ వస్తుంటే గూడ్సును లూప్ లైన్‌లో పెడతారే, అట్టాంటి పనే నాయనా" అన్నాను.

"మరి గూడ్సును ఎంతసేపు ఆపుతావు? వరసగా ఎక్స్‌ప్రెస్‌లే వస్తే? అందులోనూ డ్రైవరు, గార్డు ఉంటార్రా. ఎండలో నీళ్ల కోసం మా క్యాబిన్ దాకా నడిచొచ్చేవాళ్లు."

ఆ మాట నన్ను వదల్లేదు. ప్రయారిటీ క్యూ ఖాళీ అయ్యేదాకా మిగతావి కదలవు. క్యూఓఎస్ కొత్త లైను వేయదు, ఉన్న లైను మీద ఎవరు ముందో తేలుస్తుంది, అంతే. బ్యాకప్ సంగతి సరే, ఎక్స్‌రేలు, స్కాన్‌లు కూడా అదే అప్‌లింక్‌లో వెళతాయి. వాటి కోసం చూసే డాక్టరు ముందు పేషెంట్ ఉంటాడు. శనివారం రాత్రి మళ్లీ కూర్చుని, ఒక్కో ఫోన్ పోర్టు నుంచి 46 ముద్రతో సెకనుకు 128 కిలోబిట్లకు మించి రాకుండా హద్దు పెట్టాను. స్కాన్‌లకు విడిగా వాటా ఇచ్చాను.

ఆదివారం నాయనే ఫోన్ చేశాడు. "గూడ్సు ఎంతసేపు ఆగింది?"

"బ్యాకప్ పావుగంట ఆలస్యంగా ముగిసింది నాయనా."

"పర్లేదు. అంతసేపు ఆగొచ్చు."