ఇంజన్ బే ఇంట్లోనే శుభ్రం చేసుకున్నాను: నా అనుభవం

గోళ్లలో నలుపు ఇంకా పోలేదు. కారు బానెట్ కింద ఇంజన్ ఉండే చోట (అదే ఇంజన్ బే) మాత్రం ఎక్కడ చెయ్యి పెట్టినా ఇప్పుడు జిడ్డు అంటడం లేదు.

మొదటి పనులు తేలికే. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీశాను. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఇగ్నిషన్ కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్ గొట్టం మూతి, అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేశాను.

ఏడిపించింది వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) కింది భాగం. ఏళ్లుగా కారిన ఆయిల్‌కి దుమ్ము పట్టి తారులా గడ్డకట్టింది. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చని నీళ్లలో కలిపి ఎంత రుద్దినా పై పొర కరిగి పక్క వైర్లకు పాకుతోందే తప్ప అడుగు కదలదు. సర్వీస్ సెంటర్లో నలుగురి ముందూ ఒకాయన, "ఇది కడిగితే పోదు, ఇంజన్ దించాల్సిందే. బండిని ఇలాగేనా అండీ ఉంచుకునేది?" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఇంజన్ దించక్కర్లేదు. గడ్డ మీద నీళ్లు పడకుండా, పొడిగానే గీకాలి. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. స్క్రూడ్రైవర్ వద్దు, అల్యూమినియం గీతలు పడుతుంది. మిగిలిన పల్చటి జిడ్డు మీద నీళ్లలో కలిసే డీగ్రీజర్ (జిడ్డు కరిగించే ద్రవం) కొట్టి, కాసేపు నాననిచ్చి, ఆరిపోకముందే టూత్‌బ్రష్‌తో రుద్ది తడిగుడ్డతో తీసేశాను.

కిరసనాయిలు, పెట్రోలు పోయమనే సలహాలు దయచేసి వినకండి. నిప్పు ప్రమాదం ఒకటి. పైగా రేడియేటర్ గొట్టాల రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది. ప్రెషర్ వాషర్ కూడా వద్దు. కనెక్టర్లలోకి, స్పార్క్ ప్లగ్ గుంటల్లోకి నీళ్లు వెళ్తే ఇంజన్ మిస్ కొడుతుంది, అంటే సరిగ్గా మండక ఆగి ఆగి నడుస్తుంది. జిడ్డు నీళ్లు, పెచ్చులు కాలవలో పారబోయకండి.

గుడ్డతో బాగా తుడిచి, అంతా ఆరాక కవర్లు తీసి, బ్యాటరీ కలిపి ఇంజన్ కాసేపు ఐడిల్‌లో నడిపాను. టార్చి వేసి చూస్తే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (మూత అంచున ఆయిల్ కారకుండా వేసే సీలు) అంచున సన్నటి కొత్త ఆయిల్ చార! ఇన్నేళ్ల జిడ్డుకూ మూలం అదే. ప్రతి సర్వీసులో నీళ్లు కొట్టి పంపినవాళ్లకు ఒక్కసారీ కనబడనిది నాకు కనబడింది, ఆ గర్వం నాకుంది. గ్యాస్కెట్ తెప్పించాను. మార్చాక మళ్లీ టార్చి వేసి చూడాలి.