ప్రోస్ట్రీట్ పూర్తి, అండర్‌కవర్ సగం: నీడ్ ఫర్ స్పీడ్ ఆట డైరీ

నీడ్ ఫర్ స్పీడ్ అనే కార్ రేసింగ్ వీడియో గేముల సిరీస్‌లో జనం పెదవి విరిచిన వాటినే ఏరి ఈమధ్య వరసగా ఆడుతున్నాను. 2007 నాటి ప్రోస్ట్రీట్ కెరీర్ అయిపోయింది. 2008లో వచ్చిన అండర్‌కవర్ సగం దాటింది. 2011 నాటి ది రన్ మొన్ననే మొదలుపెట్టాను. ఇంతవరకు ఆడాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే: ప్రోస్ట్రీట్‌ని మనం అన్యాయంగా తిట్టాం. అండర్‌కవర్‌కి మాత్రం ఆ తిట్లు సరిగ్గా సరిపోతాయి.

ముందు ఇన్‌స్టాల్ సంగతి. అండర్‌కవర్, ది రన్ రెండిటినీ 2021 మే నెలాఖరులో ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు, కాబట్టి పాత డిస్కులే దిక్కు. ప్రోస్ట్రీట్‌కి మొదట 1.1 ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) వేసి, ఆ తర్వాత బొమ్మ వెడల్పు తెరకి సరిపోయేలా చేసే వైడ్‌స్క్రీన్ ఫిక్స్ పెట్టుకోవాలి. ఫిక్స్ జిప్‌లో వచ్చే డీఎల్ఎల్ ఫైలు, స్క్రిప్ట్స్ ఫోల్డరు రెండిటినీ గేమ్ అసలు ఫైలు ఉన్న చోటే పెట్టాలి. కొత్తది ఏది కలిపేముందైనా సేవ్ ఫోల్డర్‌ని వేరే చోటికి కాపీ చేసుకోండి. కీబోర్డుతో కూడా ఆడొచ్చు గానీ, యాక్సిలరేటర్‌ని కొంచెం కొంచెంగా నొక్కాల్సిన చోట్లు ఎక్కువ. కంట్రోలర్ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

ప్రోస్ట్రీట్ వచ్చినప్పుడు కోపం ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మోస్ట్ వాంటెడ్ పోలీస్ ఛేజ్‌లతో ఇంటర్నెట్ సెంటర్లలో కుర్రాళ్లని కుర్చీల్లోంచి లేవనివ్వలేదు. 2006లో కార్బన్ కూడా అదే దారిలో వచ్చింది. ప్రోస్ట్రీట్‌లో పోలీసులు లేరు, తిరగడానికి ఊరు లేదు. ఉన్నవల్లా మూసిన ట్రాకులు, నాలుగు రకాల పోటీలు: గ్రిప్ (ట్రాకు మీద మామూలు రేసు), డ్రాగ్ (తిన్నని దారిలో చిన్న పరుగు), డ్రిఫ్ట్ (మలుపుల్లో కారుని పక్కకు జార్చడం), స్పీడ్ ఛాలెంజ్ (విపరీతమైన వేగంతో పరుగు). పైగా కారు గుద్దుకుంటే దెబ్బతింటుంది, రిపేరుకి డబ్బు పోతుంది.

ఆ దెబ్బల వల్లే ఈ గేమ్ నాకు నచ్చింది. నెవాడా హైవే మీద స్పీడ్ ఛాలెంజ్ ఆడితే సంగతి అర్థమవుతుంది. గంటకు 300 కిలోమీటర్లు దాటాక కారు వణకడం మొదలవుతుంది. రోడ్డు కాస్త ఎగుడుగా ఉన్న చోట చక్రాలు తేలిపోతాయి, సరిగ్గా ఆ క్షణంలో స్టీరింగ్ కదిపితే కారు పల్టీలు కొట్టి తుక్కయిపోతుంది. అక్కడ నాకు పనికొచ్చిన చిట్కా ఇది: ఎగుడు రాకముందే కారుని తిన్నగా పెట్టేసి, చక్రాలు మళ్లీ నేలకు ఆనేదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు. కారు బాడీ ఆకారాన్ని మార్చుకునే ఆటోస్కల్ప్ట్‌లో వెనక వింగ్ మార్చినప్పుడు, దాని మీద గాలి ఎలా పారుతుందో చూపించే విండ్ టన్నెల్‌లో ఒకసారి చూసుకోండి. ఇందులో బాడీ ఆకారం చూడటానికే కాదు, గాలి పట్టుని కూడా మారుస్తుంది. టాప్ స్పీడ్ కొంచెం తగ్గినా పర్లేదనుకుని డౌన్‌ఫోర్స్ (కారుని నేలకు అదిమే గాలి ఒత్తిడి) పెంచాకే నా కారు ఆ రోడ్డు మీద నిలబడింది.

డ్రాగ్‌లో మూడు రన్‌లు ఇస్తారు, మంచి టైమే లెక్క. రేసుకు ముందు టైర్లు వేడిచేసే ఘట్టం ఒకటుంది. ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లుని ఆకుపచ్చ గీతల మధ్య పట్టి ఉంచాలి, దానికే వేలు అదురుతుంది. టైరు చల్లగా ఉంటే స్టార్ట్‌లోనే చక్రాలు ఊరికే తిరిగి రన్ పోతుంది. మొదటి రన్‌ని గేర్ మార్చే సమయం పట్టుకోవడానికి వాడుకుని, మిగతా రెండిట్లో టైమ్ కోసం తొక్కడం నాకు బాగా కుదిరింది. డ్రిఫ్ట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మాజ్దా ఆర్ఎక్స్-7 కారు తీసుకుంటే సాఫీగా సాగిపోతుంది. గ్రిప్‌కి మిత్సుబిషి లాన్సర్ ఎవో కారు వాడాను. ఒక్కో కారుకి మూడు బ్లూప్రింట్లు (సెట్టింగుల నమూనాలు) దాచుకోవచ్చు కాబట్టి సెట్టింగులు ప్రతిసారీ తిరగరాయక్కర్లేదు. డబ్బు కట్టకుండా కారు బాగుచేసుకోవడానికి వాడే రిపేర్ మార్కర్లని చిన్న గీతలకు ఖర్చుపెట్టకుండా దాచుకోండి, పెద్ద రేస్ డేల్లో (ఒకేచోట వరసగా జరిగే పోటీల్లో) అవే ఆదుకుంటాయి.

ఇక అండర్‌కవర్. పోలీసులు కావాలన్నారు, ఇచ్చారు. ఊరు కావాలన్నారు, ట్రై-సిటీ బే ఇచ్చారు. ఫలితం మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే అయింది. ఊరు పెద్దదే, రోడ్లు విశాలమే. కానీ ఎటు చూసినా కళ్లు చెదిరే పసుప్పచ్చ ఎండ, పగలే తప్ప రాత్రి లేదు, గుర్తుపెట్టుకోవాలనిపించే మలుపు ఒక్కటీ నాకు తగల్లేదు. ఒక బటన్ నొక్కితే నేరుగా రేసులోకి వెళ్లిపోవచ్చు, దాంతో ఊళ్లో తిరగాల్సిన పనే ఉండదు. మ్యాగీ క్యూ లాంటి నటిని తెచ్చి వీడియో సీన్లు తీశారు, ఆ కథకీ మనం తోలే కారుకీ ఏదో పైపై బంధమే. హైవే బ్యాటిల్ ఒక్కటే మనసుపెట్టి ఆడాను. అడ్డొచ్చే బండ్ల మధ్యలోంచి దూరుతూ అవతలివాణ్ని వెనకేయడం ఇప్పటికీ టెన్షన్ పెడుతుంది.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు, విడుదల తేదీలు చూస్తే చాలు. 2003లో అండర్‌గ్రౌండ్ నుంచి 2008లో అండర్‌కవర్ దాకా ఏటా ఒక గేమ్, అన్నీ కెనడాలోని బ్లాక్ బాక్స్ స్టూడియో చేతి మీదుగానే. ప్రోస్ట్రీట్‌లో పట్టుకున్న డ్రైవింగ్‌ని ఇంకో రెండేళ్లు మెరుగుపెట్టనిస్తే ఎంత బాగుండేది! దాన్ని పక్కన పడేసి, ఏడాది తిరిగేసరికి మోస్ట్ వాంటెడ్ లాంటిదాన్ని మళ్లీ తేవాలని చూశారు. ఆ తర్వాత 2009లో షిఫ్ట్‌ని స్లైట్లీ మ్యాడ్ స్టూడియోస్‌కి, 2010లో హాట్ పర్స్యూట్‌ని క్రైటీరియన్‌కి అప్పగించారు.

ది రన్ చేయడానికి బ్లాక్ బాక్స్‌కి కాస్త ఎక్కువ సమయమే దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ దాకా ఒకే పరుగు, ఆలోచన నాకు బాగా నచ్చింది. పీసీలో సెకనుకు 30 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) దగ్గర కట్టేయడం చిరాకే. కారు మార్చుకోవాలంటే స్టేజ్ మధ్యలో కనిపించే పెట్రోల్ బంకులోకి తిప్పాలి, అది దాటిపోతే మళ్లీ బంకు వచ్చేదాకా ఉన్న కారుతోనే నెట్టుకురావాలి. కొండ రోడ్లు రాబోతున్నాయని తెలిస్తే ముందే మలుపులు బాగా తిరిగే కారు తీసుకోవడం మంచిది. నేనిప్పుడు రాకీ పర్వతాల దగ్గరున్నాను. మంచు చరియలు విరిగిపడే స్టేజ్ అయ్యాక ఆ సంగతులు రాస్తాను. అండర్‌కవర్ మిగతా సగం ఆ తర్వాతే.