తుస్సుమనని సోడా

ఇంట్లో నిమ్మ సోడా చేయడం నాకు మొదటి వారంలోనే పట్టుబడింది. చిన్న కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండరు, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటరు, గ్యాస్ ఎక్కించే వాల్వున్న మూత, రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా. అప్పటికప్పుడు గ్లాసులో పోసుకుంటే ముక్కుపుటాలు అదిరేవి. అదే సోడాని చిన్న సీసాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి చప్పటి తీపినీళ్లు. మూత తిప్పితే 'తుస్' అని కూడా అనేది కాదు.

తప్పంతా మూతలదే అనుకున్నాను. కొత్తవి కొన్నాను, చుట్టూ టేపు వేశాను. చివరికి ఒక సీసాని బకెట్ నీళ్లలో ముంచి కూర్చున్నాను. ఒక్క బుడగా రాలేదు. అప్పుడు వెలిగింది: గ్యాస్ మూత పెట్టాక పోవడం లేదు, పెట్టేలోపే పోతోంది.

పోసేటప్పుడు పొంగే నురగ చూసి ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఆ నురగే నా గ్యాస్! చల్లటి సోడాని గది వేడిమీదున్న సీసాలోకి, గరాటు పెట్టి, ఎత్తునుంచి పోసేవాణ్ని. మామూలు ఒత్తిడిలో లీటరు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటాయి. 20 డిగ్రీలకి వచ్చేసరికి అందులో సగమే. సోడాలో మనం ఎక్కించేది దానికి రెండింతలకు పైనే కాబట్టి, మూత తీసిన క్షణంనుంచే అది బయటికి పోవాలని చూస్తుంటుంది. వెచ్చటి గోడ తగిలినా, కుదుపు వచ్చినా, చిన్న పీచు దొరికినా చాలు.

పీచు సంగతి నిమ్మరసమే నేర్పింది. వడకట్టని రసం కలిపిన రోజు సోడా సీసాలోకంటే గట్టుమీదే ఎక్కువుంది. గ్యాస్ ఎక్కిన నీళ్లలో పంచదార పాకం పోసినా అదే పొంగు. ఇప్పుడు రసం పలచటి గుడ్డలో వడకట్టి, పాకంతో పాటు నీళ్లలో ముందే కలిపేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే గ్యాస్ ఎక్కిస్తున్నాను.

మధ్యలో ఇంకో తెలివి చూపించాను. సగం తాగిన సీసాని నొక్కి, గాలి పోగొట్టి మూత బిగించాను. పొద్దున్నకి సీసా మళ్లీ ఉబ్బి నిలబడింది. దాన్ని ఉబ్బించింది సోడాలోని గ్యాసే! నొక్కుడు పనికొచ్చేది గ్యాస్ ఎక్కించే ముందు. సీసాలో ముప్పాతిక వరకు నీళ్లు పోసి, మిగిలిన గాలిని నొక్కి తీసేసి వాల్వు మూత బిగిస్తే, ఆ ఖాళీలోకి సిలిండరు గ్యాస్ ఒక్కటే వస్తుంది. 4 డిగ్రీల చల్లదనంలో 30 పీఎస్‌ఐ ఒత్తిడి పెట్టి బాగా కుదుపుతాను. తర్వాత రెండు గంటలు కదపను. ఆత్రంగా తీస్తే ముఖం కడుక్కున్నట్టే.

ఇక మార్చడం. చిన్న సీసాలు కూడా ఫ్రిజ్‌లోంచే రావాలి. లోపల చల్లటి నీళ్లతో తడిపి, ఏటవాలుగా పట్టుకుని, గోడ వెంబడి నెమ్మదిగా పోస్తాను. నురగ మూతిదాకా వచ్చి గాలిని తోసేశాక, ఆ నురగ మీదే మూత బిగిస్తాను. అయినా కొంత పోతుంది, అందుకే మొదట్లోనే కాస్త ఎక్కువ ఎక్కిస్తాను. తీరికుంటే చిన్న సీసాకే వాల్వు మూత పెట్టి మరోసారి గ్యాస్ పట్టిస్తాను. అసలు మార్చకుండా, తాగే సీసాలోనే సోడా చేసుకుంటే ఈ బాధే లేదు.

అందంగా ఉంటాయని ఒకసారి జామ్ గాజుసీసాలు తీశాను కానీ పోయకుండానే పక్కన పెట్టేశాను. ఒత్తిడి కోసం చేయని గాజు పగిలితే ముక్కలు కళ్లలోకి వస్తాయి. సోడా అమ్మిన ప్లాస్టిక్ సీసాలే వాడతాను, గీతలు పడితే మారుస్తాను. వాటి గోడల్లోంచి కూడా గ్యాస్ మెల్లగా జారుతుంది, చిన్న సీసాలో ఇంకా త్వరగా. అందుకని మూతమీద తేదీ రాస్తున్నాను. నిన్న ఒకటి తీశాను, మూడు వారాల నాటిది. తుస్సుమంది.