వలస వచ్చినవారే వలసలను ఎందుకు కాదంటారు?

జర్మనీలో నగల తయారీకి పేరుపడ్డ ఫోర్ట్స్‌హైమ్ పట్టణంలో హైడాఖ్ అనే పేట ఉంది. మాజీ సోవియట్ దేశాల నుంచి వచ్చిన జర్మన్ సంతతివారు అక్కడ ఎక్కువ. కొట్లలో పెల్మెనీ అనే రష్యన్ మాంసపు కుడుముల పొట్లాలు, పొద్దుతిరుగుడు గింజలు, రష్యన్ అక్షరాల సీసాలు కనిపించే ఇలాంటి పేటలో, 2016 మార్చి రాష్ట్ర ఎన్నికల్లో వలసలను గట్టిగా వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 40 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది 15 శాతమే. చాలామందికి ఇది వింతగా తోచింది గాని, నాకు అందులో వింత పెద్దగా కనిపించదు.

వారు తమను వలసదారులుగా ఎన్నడూ లెక్కించుకోలేదు. 1763లో రెండవ కేథరిన్ ఆహ్వానం మీద రష్యా వెళ్లి, ఓల్గా తీరంలో సేద్యం చేసుకున్న జర్మన్ల వారసులు వారిలో ఎందరో ఉన్నారు. 1941 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం ఆ కుటుంబాలపై శత్రువుల వేగులన్న నింద వేసి సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించింది. అక్కడ ఫాసిస్టులు అనిపించుకున్నవారు, 1990ల్లో జర్మనీకి చేరాక రష్యావాళ్లు అనిపించుకున్నారు. చట్టం జర్మన్లుగా గుర్తించి పౌరసత్వం ఇచ్చినా, ఇంజనీర్ల, ఉపాధ్యాయుల పట్టాలు చాలావరకు చెల్లలేదు. ఫ్యాక్టరీల్లోనో, ఊడ్చే పనుల్లోనో కుదురుకోవలసి వచ్చింది. 1996లో భాషా పరీక్ష వచ్చింది, పింఛన్లకు కోతా పడింది. అయినా తమను రానిచ్చిన అప్పటి ఛాన్సలర్ హెల్ముట్ కోల్ మీది కృతజ్ఞతతో చాలామంది ఏళ్ల తరబడి ఆయన పార్టీ సీడీయూకే ఓటేశారు.

2015లో అదే పార్టీకి చెందిన ఛాన్సలర్ మెర్కెల్ ప్రభుత్వం శరణార్థులను రానిచ్చినప్పుడు ఆ బంధం సడలింది. తాతల పుట్టుపూర్వోత్తరాలు కాగితాలతో రుజువు చేసుకుని మేం వచ్చాం, వీళ్లను ఎవరు ఏమడిగారు అన్నదే ఆ కోపం. యుద్ధం తరిమితే వచ్చినవారికి పౌరసత్వం ఎవరూ చేతిలో పెట్టలేదు కనుక ఆ పోలిక న్యాయమైనది కాదు. కాని న్యాయం కాని కోపానికి కూడా ఓటు ఉంటుంది. ఏఎఫ్‌డీ దాన్ని పసిగట్టి రష్యన్‌లో కరపత్రాలు వేయించింది.

అలాగని ఒక్క హైడాఖ్‌ను చూపి అందరి మీదా ముద్ర వేయడం తప్పు. 2017 పార్లమెంటు ఎన్నికల తర్వాతి సర్వేలో రష్యా జర్మన్లలో ఏఎఫ్‌డీకి ఓటేసినవారు సుమారు 15 శాతం. దేశం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది 12.6 శాతం.

మేం పద్ధతిగా వచ్చాం, వాళ్లు సరిహద్దు దూకి వచ్చారు అన్న మాట అమెరికాలోని మన తెలుగిళ్లలోనూ వినిపించేదే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసినవారికి ఆ ఉక్రోషం సహజమే. అయితే పద్ధతికి ఇవ్వవలసిన విలువ వలస వ్యతిరేక రాజకీయం ఇస్తుందన్న నమ్మకమే నాకు అంతుపట్టదు: 2024 డిసెంబరులో ట్రంప్ అభిమానులలోనే ఒక వర్గం హెచ్-1బీ మీద, భారతీయుల మీద విరుచుకుపడింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద ట్రంప్ ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, సరిహద్దు దూకినవారి మీద కాదు, పద్ధతిగా రాదలచినవారి మీదే పడింది.