మా సంపు నీళ్ళకు పరీక్ష: నా అనుభవం

మా అమ్మ నీళ్ళు కాచి, చల్లార్చి, పల్చటి గుడ్డలో వడగట్టి బిందెలో పోసుకుంటే తప్ప తాగదు. ఒంగోలు వదిలి చెన్నైలో నా దగ్గరికి వచ్చాక కూడా ఆ అలవాటు మారలేదు. పెరుంగుడి డంపింగ్ యార్డు దగ్గరి భూగర్భజలాల్లో, అడయార్ నదిలో, బకింగ్‌హామ్ కాలువలో, చెంబరంబాక్కం చెరువులో పీఎఫ్ఏఎస్ రసాయనాలు కనిపించాయని ఐఐటీ మద్రాస్ పరిశోధకులు చెప్పిన వార్త చదివి వినిపిస్తే, "మనం కాచుకుంటున్నాం కదే" అంది. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పెక్కుతుంది కదమ్మా, ఇదీ అంతే అన్నాను. నీళ్ళు ఆవిరైపోతాయి, ఆ రసాయనం మాత్రం గిన్నెలోనే ఉంటుంది. ఆ రోజంతా అమ్మ నా మీద అలిగింది.

మా అపార్ట్‌మెంటు ఆ యార్డుకు దూరమేమీ కాదు. సంపులోకి రెండు రకాల నీళ్ళు పడతాయి. సగం మా బోరువి, సగం ప్రైవేటు లారీవి. అవి కలిసి బేస్‌మెంట్‌లో ఉన్న ఫిల్టరు గుండా పై ట్యాంకులకు ఎక్కుతాయి. ఇంటింటికీ ఆర్‌ఓ ఉంది, కొందరు క్యాన్ నీళ్ళు తెప్పించుకుంటారు.

పీఎఫ్ఏఎస్ అనేది ఒక్క రసాయనం కాదు, వేల రసాయనాల కుటుంబం. నాన్‌స్టిక్ పెనాల పూత, మరకలంటని బట్టలు, నూనె పీల్చని తిండి పొట్లాలు, పెట్రోలు మంటలు ఆర్పే నురగ, అన్నిటా వీటి వాడకం ఉంది. వీటిలో కార్బన్‌కు ఫ్లోరిన్‌కు మధ్య ముడి అంత గట్టిది కాబట్టి ఎండకు, వానకు, క్రిములకు లొంగవు. అందుకే వీటిని శాశ్వత రసాయనాలంటారు. వీటిలో పీఎఫ్ఓఏ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2023లో తేల్చింది. అమెరికా 2024లో పీఎఫ్ఓఏకు, అదే కుటుంబంలోని పీఎఫ్ఓఎస్‌కు లీటరుకు చెరో 4 నానోగ్రాముల పరిమితి పెట్టింది. 4 నానోగ్రాములంటే ఎంతో నాకూ అర్థం కాలేదు. మా లారీ 12 వేల లీటర్లది కాబట్టి లెక్క వేశాను. 48 వేల నానోగ్రాములు, అంటే 48 మైక్రోగ్రాములు వచ్చింది. సన్న ఉప్పులో ఒక్క రేణువు అటూఇటూగా అంతే తూగుతుంది. అంటే లారీడు నీళ్ళకు ఉప్పు రేణువంత!

ఈ లెక్క అసోసియేషన్ మీటింగులో చెబితే కొందరు నవ్వారు. మూడో అంతస్తు బాబాయ్‌గారిది నెల్లూరు. "కండలేరు రిజర్వాయరు నుంచి ఇక్కడి పూండి రిజర్వాయరుకు వచ్చేది మన కృష్ణ నీళ్ళే కదమ్మా, మనకేం భయం?" అన్నారు. ఆ నీళ్ళు మన సంపు దాకా ఎక్కడ వస్తున్నాయి బాబాయ్‌గారూ, మనం తాగేది బోరు, లారీ అన్నాను. చివరికి నీళ్ళు పరీక్ష చేయించడానికి ఒప్పుకున్నారు. ఆ పని నాకే అంటగట్టారు.

ఫోను చేసిన మొదటి మూడు ల్యాబుల్లో "తాగునీటి టెస్టు ఉంది మేడమ్" అన్నారు. వాళ్ళు చేసేది మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు), కఠినత్వం, నైట్రేటు, ఫ్లోరైడు, ఈ-కోలీ లాంటివి. ఆ జాబితాలో పీఎఫ్ఏఎస్ లేనే లేదు. ఒకాయన "ఫ్లోరైడు చేస్తాం కదా, అదే ఇది" అని నన్ను ఒప్పించబోయాడు. అది వేరు, ఇది వేరు. ఆ ఒక్క మాట తెలియకపోతే డబ్బు కట్టేసి, ఫ్లోరైడు రిపోర్టు తెచ్చుకుని నిశ్చింతగా ఉండేదాన్ని.

నాలుగో ల్యాబు చేస్తామంది. కుర్రాడొచ్చి సంపులోంచి మినరల్ వాటర్ సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళాడు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అన్ని గళ్ళలోనూ 'ఎన్‌డీ', అంటే దొరకలేదు అని. గ్రూపులో పూలు, దండాలు, చప్పట్లు. బాబాయ్‌గారు "చెప్పానా" అన్నారు.

రాత్రి పడుకునే ముందు మళ్ళీ తీసి చూశాను. కింద చిన్న అక్షరాల్లో, కొలవగలిగే కనీస పరిమాణం లీటరుకు 0.1 మైక్రోగ్రాము అని ఉంది. చూడ్డానికి చిన్న అంకెలాగే ఉంది. నానోగ్రాముల్లోకి మారిస్తే 100. అంటే మా నీళ్ళలో 90 ఉన్నా వాళ్ళ మిషనుకు కనబడదు, 'ఎన్‌డీ' అనే వస్తుంది. బియ్యం బస్తాలు తూచే కాటా మీద బంగారు ముక్కుపుడక పెట్టి బరువేమీ లేదన్నట్టుంది. మర్నాడు ఫోను చేసి అడిగితే "మీరు ఎంత వరకు కావాలో చెప్పలేదు కదా మేడమ్" అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఆ అడగడం తెలియడానికే నాకు నెల పట్టింది.

రెండోసారి డబ్బు అడగడానికి మళ్ళీ మీటింగు. ఈ పరీక్ష మామూలు నీటి పరీక్షకు ఎన్నో రెట్లు ఖరీదు. నలుగురు సంతకం పెట్టలేదు. ఐదో అంతస్తులో నెలలు నిండుతున్న అమ్మాయి లేచి, "నా వాటా రెండింతలు ఇస్తాను, చేయించండి అక్కా" అంది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

ఈసారి ఊరు బయటి ల్యాబు. నేను ముందే అడిగాను: అతి తక్కువ మోతాదులు కూడా కొలిచే ఎల్‌సీ-ఎంఎస్-ఎంఎస్ మిషను మీద చేస్తారా, పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ ఒక్కొక్కటీ ఎంత తక్కువ వరకు కొలుస్తారు, అది రాతపూర్వకంగా ఇస్తారా? లీటరుకు 2 నానోగ్రాముల వరకు అని మెయిలు పంపారు. సీసాలు కూడా వాళ్ళే పంపారు. పాలీప్రొపిలీన్‌వి, మూతకు టెఫ్లాన్ (నాన్‌స్టిక్ పూత) పొర లేనివి. వాటితో ఒక కాగితం. నీళ్ళు పట్టేవాళ్ళు వాటర్‌ప్రూఫ్ జాకెట్టు వేసుకోకూడదు, ఆ పొద్దున క్రీములు పూసుకోకూడదు, నైట్రైల్ గ్లవుజులు తొడుక్కోవాలి, పట్టిన సీసాలు ఐస్‌లో పెట్టాలి. తలకు నూనె కూడా రాసుకోకుండా వెళ్ళాను.

ఒక సీసాలో మాత్రం వాళ్ళే శుభ్రమైన నీళ్ళు నింపి పంపారు. దాన్ని సంపు దగ్గర మూత తీసి ఇంకో ఖాళీ సీసాలోకి వంపాలట. మన చేతుల్లోంచో గాలిలోంచో ఏమైనా కలిసిందేమో అది పట్టిస్తుంది. "నీళ్ళు తెచ్చి నీళ్ళలోంచి నీళ్ళలోకి పోస్తున్నారేంటమ్మా" అని మా శ్రీకాకుళం వాచ్‌మన్ వింతగా చూశాడు.

బోరు నీళ్ళు పట్టడానికి వీలుగా ప్లంబరు ముందురోజే కొత్త కుళాయి బిగించి పెట్టాడు, పాపం, అడక్కుండానే. మూడు సీసాలు నింపి పంపేశాక ల్యాబు నుంచి ఫోను. "కుళాయి మరకు తెల్ల టేపు చుట్టారా?" వెళ్ళి చూస్తే మర అంచున తెల్లటి పోగు వేలాడుతోంది. టెఫ్లాన్ టేపు! ఏ కుటుంబం కోసం వెతుకుతున్నామో ఆ కుటుంబపు చుట్టాన్నే కుళాయికి చుట్టి పెట్టుకున్నాం. ఆ బోరు సీసా ఇక పనికిరాదన్నారు. కొత్త సీసా రావడానికి మరో వారం. ఈసారి బోరు పైపు సంపులో పడే చోట, ఏ కుళాయీ లేకుండా, ధార కిందే సీసా పెట్టి పట్టాను. చెప్పులు, చుడీదారు మోకాళ్ళ దాకా తడిశాయి.

ఫలితాలు వచ్చాయి. బోరు నీళ్ళలో పీఎఫ్ఓఏ అమెరికా పరిమితి 4 దాటింది. యూరప్ వాళ్ళు 20 రకాల పీఎఫ్ఏఎస్‌లకు కలిపి పెట్టిన 100 నానోగ్రాముల కంటే మొత్తం తక్కువే. మన ప్రమాణంలో అసలు అంకే లేదు. కాబట్టి ఒకే కాగితం చూసి ఒకరు ఫెయిల్ అన్నారు, ఒకరు పాస్ అన్నారు, మరొకరు పరీక్షే లేదన్నారు. లారీ నీళ్ళలో తక్కువే ఉంది కానీ దానికి నేను పెద్దగా సంతోషించలేదు. ఏ రోజు ఏ బావి నీళ్ళు తెస్తాడో లారీ డ్రైవరుకే తెలియదు. అది ఆ ఒక్క లారీ రిపోర్టు. మా వంటింటి ఆర్‌ఓ నీళ్ళలో మాత్రం 2 కంటే తక్కువ. ఆర్‌ఓ, యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్ళు శుద్ధి చేసే బొగ్గు) వీటిని పట్టుకుంటాయని చదివిందే కళ్ళారా చూశాను. టీడీఎస్ తక్కువని ఆర్‌ఓ తీసేసిన రెండు ఇళ్ళవాళ్ళు ఆ వారమే మళ్ళీ పెట్టించుకున్నారు.

అప్పుడే బాబాయ్‌గారు, ఆయనే, అసలు ప్రశ్న అడిగారు. "కింద మన ఫిల్టర్లోనూ బొగ్గు ఉంది కదమ్మా, అది పట్టుకోదా?" ఆపరేటరును పిలిచి బొగ్గు ఎప్పుడు మార్చారని అడిగాం. నాలుగేళ్ళ కిందట పనిలో చేరాడట. తను వచ్చాక మార్చలేదన్నాడు. అంతకు ముందు సంగతి తెలియదట. నిండిపోయిన బొగ్గు ఇక దేన్నీ పట్టుకోదు. మూత విప్పితే పైన బురద మేట వేసి ఉంది.

బోరును సంపు నుంచి విడదీసి, మొక్కలకు, కార్లు కడగడానికి వేరే ట్యాంకులోకి మళ్ళించాం. లారీ ఖర్చు పెరిగింది, మెయింటెనెన్సు మీద గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. బొగ్గు మార్చాం. మార్చాక ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి నీళ్ళు పరీక్షించాలని తీర్మానం రాసుకున్నాం.

మొన్న ఆదివారం ఫిల్టరు బయటి పైపుకు శాంపిల్ కుళాయి పెట్టించాం. ప్లంబరు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టగానే వాచ్‌మన్ "వద్దు వద్దు, తెల్లది వద్దు" అని అరిచాడు. ప్లంబరు నవ్వి, సంచిలోంచి జనపనార తీసి మరకు చుట్టాడు. కుళాయి కొంచెం కారుతోంది. కింద బకెట్టు పెట్టాం. సీసాలు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉన్నాయి. రేపు కొరియరు.